యాసంగి పూలతీగ: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో పొట్టి క్లెమటిస్

క్లెమటిస్ అనే పూలతీగలో కుండీల కోసం రూపొందించిన పొట్టి మొక్కను కొంటే దానితోపాటు ఒక చీటీ వస్తుంది. వసంతంలో నాటాలని, మే నుంచి సెప్టెంబరు వరకు పూస్తుందని, రోజుకు ఆరు గంటల ఎండ తగలాలని ఆ చీటీ చెబుతుంది. ఇంగ్లండ్‌కో డెన్మార్క్‌కో ఆ మాటలు సరిగ్గా సరిపోతాయి. వాటిని అక్షరాలా నమ్మి, ఉగాది వెళ్లాక నల్లగొండలో కుండీని డాబా మీద పెట్టినవారికి రోహిణి కార్తె రాకముందే ఎండుపుల్లలు మిగులుతాయి. దాంతో ఇది చలిదేశాల మొక్క అని, మన ఎండలకు బతకదని తేల్చేస్తారు. ఆ తీర్పు సగమే నిజం. మహబూబ్‌నగర్‌లో డిసెంబరు పగళ్లు 29, 30 డిగ్రీల దగ్గర, రాత్రులు 16, 17 డిగ్రీల దగ్గర ఉంటాయి. లండన్‌లో జూలై పగటి సగటు 23, 24 డిగ్రీలు. అంటే క్లెమటిస్ తన సొంత గడ్డ మీద వేసవిగా ఎరిగిన వాతావరణం, కొంచెం వెచ్చదనం ఎక్కువతో, పాలమూరులో దీపావళి నుంచి శివరాత్రి దాకా దొరుకుతుంది. అందువల్ల దక్షిణ తెలంగాణలో దీన్ని యాసంగి మొక్కగా చూడాలి. శనగ, వేరుశనగ విత్తే రోజుల్లో పని మొదలుపెట్టి, ఆ పంటలు ఇంటికి చేరేసరికి పూల కాలాన్ని ముగించుకోవాలి. తీర్పులోని నిజమైన సగం వేరే చోట ఉంది. ఈ మొక్కకు కావలసిన చలికాలపు విశ్రాంతి ఇక్కడ దొరకదు, ఆ లోటును పూర్తిగా పూడ్చే ఉపాయం కూడా లేదు.

నల్లజీలకర్ర ఏ కుటుంబానికి చెందుతుందో క్లెమటిస్ కూడా ఆ కుటుంబానిదే. దాదాపు 300 జాతులు ఉన్న ఈ ప్రజాతిలో అధిక భాగం సమశీతోష్ణ ప్రాంతాల తీగలు. పువ్వులో కంటికి ఇంపుగా కనిపించే వెడల్పాటి రంగు రేకులు నిజానికి ఆకర్షణ పత్రాలు కావు, రక్షక పత్రాలు; అందుకే చాలా పూలకన్నా ఇవి ఎక్కువ రోజులు వాడకుండా నిలుస్తాయి. తీగ పాకే తీరు కూడా ప్రత్యేకమే. బీర, కాకర తీగల్లాగా నులితీగలు వేయదు, చిక్కుడులాగా కాండంతో చుట్టుకోదు. ఆకు కాడ దేనికైనా తగిలితే చాలు, అదే మెలిక తిరిగి పట్టుకుంటుంది.

మన దేశానికి ఇది పరాయి ప్రజాతి కాదు. హిమాలయాల్లో పెరిగే మోంటానా జాతిని మాజీ గవర్నర్ జనరల్ భార్య లేడీ ఆమ్‌హర్స్ట్ 1831లో బ్రిటన్‌కు చేర్చారు. తూర్పు కనుమల కొండల్లో గౌరియానా అనే జాతి పొదల మీద అల్లుకొని, వానల తర్వాత సన్నని తెల్లటి పూలను గుత్తులుగా పూస్తుంది. అయితే నర్సరీల బొమ్మల్లో కనిపించే అరచేతి వెడల్పు పూలు వీటివి కావు. చైనా, జపాన్ జాతులను ఐరోపాలో సంకరం చేయగా వచ్చినవి అవి. ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో జాక్‌మన్ నర్సరీ 1862లో విడుదల చేసిన ఊదారంగు 'జాక్‌మనీ' ఆ దారిలో పెద్ద మలుపు. అది మూడు మీటర్ల తీగ. మీటరు, మీటరున్నర ఎత్తులో ఆగిపోయే పొట్టి రకాలు చాలా తర్వాత వచ్చాయి. ఎస్టోనియాలో ఊనో కివిస్టిక్ రూపొందించిన 'పీలూ', గెర్న్‌సే దీవిలో రేమండ్ ఎవిసన్ డెన్మార్క్‌కు చెందిన పౌల్సెన్ సంస్థతో కలిసి తెచ్చిన 'బిజూ' వంటి రకాలు వీటిలో పేరున్నవి. పాత రకాలలో పూలు ఎక్కువగా తీగ కొసనే వస్తాయి. ఎవిసన్ రకాల్లో ఎక్కువ వాటికి కింది కణుపుల గ్రీవాల్లో, అంటే ఆకు కాండాన్ని కలిసే మూలల్లో కూడా మొగ్గలు వస్తాయి కాబట్టి, మొక్క పొట్టిగా ఉన్నా నిండుగా కనిపిస్తుంది.

దక్షిణ తెలంగాణకు సంబంధించినంత వరకు పొట్టితనం వల్ల వచ్చే అసలు లాభం అందం కాదు. కుండీని కదిలించవచ్చు. నేలలో పాతిన మూడు మీటర్ల తీగ మే నెల ఎండలో ఎక్కడున్నదో అక్కడే కాలిపోతుంది. మీటరు ఎత్తు తీగ ఉన్న కుండీని ఇద్దరు మనుషులు పట్టుకొని నీడకు చేర్చవచ్చు. ఈ మొక్కను ఇక్కడ పెంచడం సాధ్యమా కాదా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ ఒక్క సౌలభ్యం మీదే ఆధారపడి ఉంది.

వేడి క్లెమటిస్‌ను దెబ్బతీసే తీరు పైకి కనిపించేదానికన్నా లోతైనది. మే నెలలో నల్లగొండలో 42 డిగ్రీలు మామూలు, 45 తాకే రోజులూ ఉంటాయి. ఆ పగటి ఎండకు ఆకు మాడుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. దానికన్నా పెద్ద నష్టం రాత్రి జరుగుతుంది. మొక్క పగలు తయారుచేసుకున్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని రాత్రి శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది, ఆ ఖర్చు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు రెట్టింపవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల కన్నా దిగని వారాల్లో క్లెమటిస్ రాబడికి మించి ఖర్చు పెడుతూ వేర్లలో దాచుకున్న నిల్వను తినేస్తుంది. ఐరోపా చలికాలంలో ఈ మొక్క ఆకులు రాల్చి నిద్రపోయేటప్పుడు ఖర్చు దాదాపు ఆగిపోతుంది, నిల్వ వసంతం దాకా పదిలంగా ఉంటుంది. మన వేసవిలో కూడా అది ఆకులు రాల్చి మోడులా నిలబడుతుంది. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ, మొదటిది పొదుపు, రెండవది దివాలా. ఏడాది మారేకొద్దీ మొక్క చిక్కిపోవడానికి, పువ్వు పరిమాణం తగ్గడానికి కారణం ఇదే. దీన్ని ముందే తెలుసుకొని, ఒక్కో మొక్క నుంచి పరిమితమైన ఆయుష్షునే ఆశించడం వివేకం.

చలి అవసరం అన్ని రకాలకూ ఒకేలా ఉండదు కాబట్టి రకం ఎంపికకు ఇక్కడ చాలా ప్రాధాన్యం ఉంది. తోటమాలులు క్లెమటిస్‌ను కత్తిరింపు పద్ధతిని బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. మొదటి తరగతి కిందటి ఏడాది కొమ్మ మీదనే, చలికాలం గడిచాక పూస్తుంది. మోంటానా, ఆల్పైనా వంటివి ఇందులోకి వస్తాయి. వీటిని దక్షిణ తెలంగాణలో ప్రయత్నించడమే వృథా. రెండవ తరగతి మొదట పాత కొమ్మ మీద, తర్వాత కొత్త చిగురు మీద పూస్తుంది. 'పీలూ', 'బిజూ' ఈ తరగతివే. మొదటి విడతకు చలి కావాలి, రెండవ విడతకు అంత పట్టింపు ఉండదు. మూడవ తరగతి పూర్తిగా ఆ ఏడాది చిగురు మీదనే పూస్తుంది. దీన్ని ఏటా మొదలుకంటా నరికినా ఇబ్బంది లేదు. విటిసెల్లా, టెక్సెన్సిస్ జాతుల రక్తం ఉన్న రకాలు వేడిని కొంత ఎక్కువగా ఓర్చుకుంటాయి, వాటిలో ఎక్కువ భాగం మూడవ తరగతికి చెందినవే. కొనేటప్పుడు పువ్వు రంగుకన్నా ముందు ఈ తరగతి సంఖ్యను అడగాలి. సంఖ్య చెప్పలేని దుకాణంలో రకం పేరు మీద కూడా నమ్మకం పెట్టుకోవడం కష్టం.

తూర్పు చైనా నుంచి వచ్చిన ఫ్లోరిడా జాతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లటి రేకుల మధ్య ఊదారంగు కేసరాల గుత్తితో, కృష్ణకమలాన్ని తలపించే 'సీబోల్డీ' ఈ జాతిదే. చలికి ఇది తట్టుకోలేదని ఐరోపా తోటమాలులు ఫిర్యాదు చేస్తారు. వాళ్ల ఫిర్యాదు మనకు సిఫారసు లాంటిది. మొక్క సన్నగా, రెండు మీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, కుండీకి ఒదుగుతుంది.

విత్తనాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వంద రూపాయలకు నీలి క్లెమటిస్ విత్తనాల పొట్లం అంటూ ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనలను దూరం పెట్టడమే మేలు. పెద్ద పూల సంకర రకాల విత్తనం వేస్తే తల్లి మొక్క లక్షణాలు రావు, మొలకెత్తడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. క్లెమటిస్ గింజకు ఈకలాంటి పొడవాటి తోక ఉంటుంది. పొట్లంలో ఉన్నవి నల్లగా, గుండ్రంగా ఉంటే అవి మరేదో మొక్కవి. మొక్కగా కొన్నా చిక్కు తీరదు. కడియం నుంచి మన జిల్లాల నర్సరీలకు దిగే లారీల్లో ఉష్ణమండల మొక్కలదే పెద్ద వాటా. క్లెమటిస్ కావాలంటే ఎక్కువగా కొండప్రాంతాల నర్సరీల నుంచి తెప్పించుకోవాలి. అక్కడివారు నిద్రావస్థలో ఉన్న మొక్కలను జనవరి, ఫిబ్రవరి నెలల్లో పంపడానికి ఇష్టపడతారు. వాళ్ల దగ్గర చలి పొందిన మొక్క కాబట్టి చక్కగా చిగురిస్తుంది, కానీ చిగురు మీద మొగ్గ పడే సమయానికి ఇక్కడ మార్చి ఎండలు మొదలవుతాయి. చలి తిన్న మొక్క ఆలస్యంగా వస్తుంది, సకాలంలో వచ్చే మొక్క చలి తిని ఉండదు. ఈ రెండింటిలో రెండవదాన్ని ఎంచుకోవడమే నయం: మూడవ తరగతి మొక్కను, కనీసం రెండేళ్ల వయసుదాన్ని, సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో ఆకులతోనే తెప్పించుకోవాలి. మొక్కను ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి కృత్రిమంగా చలి ఇవ్వవచ్చన్న సలహా కూడా వినిపిస్తుంది. ఐరోపాలో వాణిజ్య పెంపకందారులు శీతల గిడ్డంగులు వాడతారన్నది నిజమే, కానీ కూరగాయల పక్కన 45 సెంటీమీటర్ల కుండీకి చోటిచ్చే ఇల్లు అరుదు.

కుండీని ఏ దిక్కున పెట్టాలన్నది పుస్తకాలు చూసి తేల్చుకునే విషయం కాదు, సూర్యుడిని చూసి తేల్చుకోవాలి. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, మహబూబ్‌నగర్ దానికి కొంచెం దిగువన ఉన్నాయి. ఇక్కడ మే మొదటి వారం చివర్లో, తిరిగి ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యకాలంలో కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరులోనేమో మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన, 50 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. దీని ఫలితం ఏమిటంటే, దక్షిణపు గోడకు రెండడుగుల సజ్జ ఉన్న ఇంట్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సజ్జ కిందికి ఏటవాలుగా ఎండ వస్తుంది, ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అదే సజ్జ కింద మధ్యాహ్నం నీడ ఉంటుంది. క్లెమటిస్‌కు కావలసిన ఎండ, నీడల పంచాంగాన్ని ఆ సజ్జ తనంతట తానే అమలుచేస్తుంది. పూల కాలంలో తూర్పు వాకిలి కూడా మంచిదే, పదిన్నర దాకా ఎండ తగిలితే చాలు. పడమటి గోడను మాత్రం ఏ కాలంలోనూ నమ్మరాదు. సాయంత్రం దాకా ఎండను తాగిన గోడ రాత్రి పదింటి వరకు సెగ కక్కుతుంది, రాత్రి వేడి ఈ మొక్కకు ఎంత చేటో పైన చూశాం.

తల ఎండలో, కాలు నీడలో అన్నది క్లెమటిస్ పెంపకంలో ప్రపంచమంతటా వినిపించే సూత్రం. ఐరోపాలో మొక్క మొదలు దగ్గర ఒక పలకరాయి పేర్చి ఈ పని కానిచ్చేస్తారు. అదే పని ఇక్కడ తాండూరు బండతో చేస్తే మధ్యాహ్నానికి బండ పెనంలా కాలి వేర్లను ఉడికిస్తుంది. డాబా మీద ఎక్కువగా వాడే నల్ల గ్రోబ్యాగు పరిస్థితి ఇంకా దారుణం; ఎండ తగిలే వైపు మట్టి గాలికన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతుంది, ఆ వైపు వేర్లు చస్తాయి. ఇక్కడ నమ్మదగిన పద్ధతి జోడు కుండీ. 45 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కుండీని, దానికన్నా నాలుగు వేళ్లు వెడల్పైన, రంగు పూయని మట్టి కుండీలో దించి, రెండింటి నడుమ ఇసుక పోసి తడుపుతూ ఉండాలి. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఏ కారణం వల్లనో ఇక్కడ వేర్లు చల్లబడేది కూడా అందువల్లనే: మట్టి గోడలోంచి చెమ్మ ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఈ చల్లదనం గాలి పొడిగా ఉన్న మార్చి, ఏప్రిల్, మే నెలల్లో బాగా పనిచేస్తుంది, ముసురు పట్టిన జూలైలో దాదాపు పనిచేయదు. అదృష్టవశాత్తు అప్పటికి అవసరం కూడా తగ్గుతుంది. బయటి కుండీ కూడా నీడలో ఉంటేనే ఇదంతా. రంజన్‌ను ఎవరూ ఎండలో పెట్టరు కదా. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి డాబా స్లాబు నుంచి ఎత్తులో ఉంచడం చిన్న పనే అయినా తేడా తెలుస్తుంది. పైమట్టి మీద కొబ్బరి పీచు గాని, వేరుశనగ పొట్టు గాని రెండంగుళాల మందాన పరచాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఈ పొట్టు తేలిగ్గా దొరుకుతుంది, కాకపోతే అందులో పలుకులు మిగిలి ఉంటే ఉడతలు కుండీని తవ్విపోస్తాయి.

మట్టి సంగతి త్వరగా ముగించవచ్చు. చెలక మట్టి ఒక్కటే నింపితే కుండీలో గట్టిపడి నీరు దిగదు, నల్లరేగడి ఒక్కటే అయితే వానకు జిగటై వేర్లకు ఊపిరాడదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు కలిపితే సరిపోతుంది. కోకోపీట్‌ను కడగడం ఎందుకంటే అందులో ఉప్పు ఉంటుంది. ఎరువులో ట్రైకోడర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపి వారం రోజులు నీడలో మగ్గనిస్తే వేరుకుళ్లు బెడద తగ్గుతుంది. నాటేటప్పుడు మొక్క మొదలు, తెచ్చిన కుండీలో ఉన్నదానికన్నా 6, 7 సెంటీమీటర్లు లోతుకు వెళ్లాలి, కనీసం ఒక జత కణుపులు మట్టిలో పూడాలి. గులాబీకో మల్లెకో ఇంత లోతు సిఫారసు చేయరు; క్లెమటిస్‌కు ఎందుకో ఎండుతెగులు దగ్గర తెలుస్తుంది.

నీటి విషయంలో మాత్రం తొందర పనికిరాదు. నల్లగొండ పేరు చెబితే దేశమంతటికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పు మొదలవుతుంది, జిల్లాలోని అనేక గ్రామాల బోర్లు తరాలపాటు ఆ హద్దు దాటిన నీటినే ఇచ్చాయి. పూలకుండీకి వచ్చేసరికి ముందుగా పట్టించుకోవలసింది ఫ్లోరైడ్‌ను కాదు, అదే నీటిలో కరిగి ఉండే బైకార్బొనేట్లను, ఇతర లవణాలను. బత్తాయి తోటల్లో డ్రిప్పు రంధ్రాలను పూడ్చే తెల్లటి పెచ్చూ, కుండీ అంచున పేరుకునే తెల్లటి చారికా ఒకటే. ఆ నీరు రోజూ పోస్తే మట్టి క్షారత పెరిగి, ఇనుము ఉన్నా మొక్కకు అందకుండా పోతుంది. కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. బత్తాయి రైతులకు ఈ లక్షణం బాగా ఎరుకే. విదేశీ పుస్తకాలు క్లెమటిస్‌కు సున్నం ఇష్టమని, మట్టిలో కలపమని చెబుతాయి. ఆమ్ల నేలలకు చెప్పిన ఆ మాటను నల్లగొండ బోరు నీళ్లు పోసే కుండీకి వర్తింపజేయడం అంటే, ఉన్న రోగానికి తోడు మరికొంత కొనితెచ్చుకోవడమే.

మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీరు ఈ అవసరానికి బోరు నీటికన్నా ఎంతో మెరుగు. సెప్టెంబరు వానల్లో డాబా మీద పట్టి మూతపెట్టిన రెండు డ్రమ్ముల నీరు ఒకటి రెండు కుండీలకు చాలా రోజులు వస్తుంది. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు ఉండవు, మంచిదే, కానీ ఈ మొక్కకు నీరు ఎక్కువ కావలసిన యాసంగిలో ఏసీలు నడవవు. ఊళ్లలోని ఆర్‌వో ప్లాంట్లు వదిలేసే నీటిని మొక్కలకు మళ్లించే అలవాటు ఒకటి ఉంది. వడకట్టగా మిగిలిన లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి కాబట్టి కుండీలకు అది అసలే వద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తాగునీటి కోసం రూపొందించింది, దానివల్ల నీటి లవణాలు తగ్గవు. బోరు నీరు తప్ప గతిలేని ఇళ్లలో పదిహేను రోజులకొకసారి కుండీ అడుగు నుంచి ధారాళంగా కారిపోయేటంత నీరు పోసి పేరుకున్న ఉప్పును కడిగేయాలి, ఆకులు పాలిపోతే క్షార నేలల్లో కూడా పనిచేసే ఈడీడీహెచ్‌ఏ రకం ఐరన్ చిలేటును మట్టికి ఇవ్వాలి. మామూలు అన్నభేది ఆ మట్టిలో పడగానే పనికిరాకుండా బిగిసిపోతుంది.

హస్త కార్తెలో, అంటే సెప్టెంబరు చివరి రోజుల్లో, తీగను మట్టి నుంచి జానెడు ఎత్తులో, ఉబ్బిన మొగ్గల జతకు కొంచెం పైన కత్తిరించాలి. రెండవ తరగతి రకమైనా సరే ఇలాగే చేయాలి. పాత కొమ్మను ఉంచినందువల్ల వచ్చే తొలి విడత పూలు చలి లేనిచోట ఎలాగూ రావు. కత్తిరించిన పక్షం రోజులకు చిగుళ్లు లేస్తాయి. అప్పటినుంచి వారానికొకసారి 19:19:19 ఎరువును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున, మొగ్గ కనిపించాక దాని బదులు 13:0:45 ఎరువును అదే మోతాదులో ఇస్తే సరిపోతుంది. మొగ్గ విప్పుకోవడం మొదలయ్యాక ఎరువు ఆపితే పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. అన్నీ కుదిరితే కార్తికం చివర, మార్గశిరం మొదట్లో తొలి పూలు కనిపిస్తాయి. వాడిన పూలను ఒక జత ఆకులతో సహా తుంచేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మరో విడత వస్తుంది. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, మనకు డిసెంబరు పగలు పదకొండు గంటలే. అక్కడి బొమ్మల్లో ఆకు కనిపించనంతగా పూసిన మొక్కను చూసి అదే ఇక్కడ ఆశిస్తే నిరాశ తప్పదు. ఒక విడతకు పది పన్నెండు పూలు విచ్చితే ఈ ప్రాంతానికి అది మంచి దిగుబడి కిందే లెక్క.

ఊతం సన్నగా ఉండాలి. ఆకు కాడ పెన్సిలు మందానికి మించినదాన్ని చుట్టుకోలేదు, కాబట్టి లావు వెదురు బద్దలు దండగ. ఇనుప జాలీ ఎండకు కాలి లేత కాడలను కమరుస్తుంది. పాలమూరు పల్లెల్లో వంటచెరుకుగా పేర్చి ఉండే కందికట్టె దీనికి సరిగ్గా అమరుతుంది. కొసలు సన్నగా, గుబురుగా చీలి ఉంటాయి, గరుకుదనం వల్ల కాడ జారదు. నాలుగైదు కట్టెలను కుండీ అంచు చుట్టూ గుచ్చి పైన ముడివేస్తే మీటరు ఎత్తు పందిరి తయారవుతుంది. పత్తికట్టె కూడా అదే పని చేస్తుంది గాని, గులాబీరంగు పురుగు దాగి ఉండే అవకాశం ఉన్నందున పత్తి చేల దగ్గర ఉన్నవారు దాన్ని ఇంటికి తెచ్చి నిలవ ఉంచకపోవడం మంచిది. లేత తీగ గాజుపుల్లలా పెళుసుగా ఉంటుంది, దాన్ని వంచేటప్పుడు కణుపు దగ్గర కాకుండా కణుపుల నడుమ పట్టుకోవాలి. విరిగిన చోట కారే రసం చర్మానికి తగిలితే దురద, పొక్కులు రావచ్చు కాబట్టి చేతితొడుగులు వేసుకోవాలి. ఎర్రనల్లి ఈ మొక్కకు ఫిబ్రవరి తర్వాత వస్తుంది, ఆకు అడుగున నీటిని గట్టిగా కొట్టడం, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె చల్లడం మామూలుగా సరిపోతాయి.

తెగుళ్లలో భయపడవలసినది ఎండుతెగులు. కాలోఫోమా క్లెమటిడినా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఈ తెగులులో ఆకు కాడ, ఈనె మొదట నల్లబడతాయి, తర్వాత ఆ కణుపు పైభాగమంతా ఒకటి రెండు రోజుల్లో తలవాల్చేస్తుంది. పెద్ద పూల సంకర రకాలకే ఇది ఎక్కువగా సోకుతుంది. తలవాల్చిన మొక్కను చూడగానే నీరు తక్కువైందనుకొని మరింత పోయడం సహజంగా జరిగే పొరపాటు. గోరుతో కాండం తొక్క గీకి చూస్తే తేడా తెలుస్తుంది: దప్పికతో వాలిన తీగలో లోపలి భాగం పచ్చగానే ఉండి సాయంత్రానికి తేరుకుంటుంది, తెగులు సోకినదానిలో ఒకచోట నల్లటి పట్టీ కనిపిస్తుంది, దానికి దిగువన పచ్చదనం ఉంటుంది. నల్లటి పట్టీ కిందివరకు, అవసరమైతే మట్టి మట్టం దాకా నరికి, ఆ ముక్కలను కంపోస్టులో వేయకుండా కాల్చేయాలి. లోతుగా నాటడం అక్కరకొచ్చేది ఇప్పుడే. మట్టిలో పూడిన కణుపుల నుంచి కొత్త చిగుళ్లు లేస్తాయి, పైనున్నదంతా పోయినా మొక్క పోదు. మట్టిలోని మొదలు కూడా మెత్తబడి దుర్వాసన వస్తే మాత్రం అది వేరుకుళ్లు, దానికి పరిష్కారం లేదు. మట్టిని కూడా పారేయాలి.

మార్చి మూడో వారానికి పూల కాలం ముగిసిందని ఒప్పుకొని ఎరువులు ఆపాలి. కుండీని ఉత్తరపు వైపు వరండాలోకో, వేపచెట్టు నీడన 50 శాతం షేడ్‌నెట్ కిందికో మార్చాలి. ఈ దశలో తీగను కత్తిరించరాదు, ఉన్న ఆకులే వేర్లకు కాస్తో కూస్తో ఆహారం అందిస్తాయి. ఆకులు రాలిపోయాక నీటిని తగ్గించాలి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా రెండు మూడు రోజులకొకసారి ఉదయం తడిపితే చాలు. జోడు కుండీ నడుమ ఇసుకను మాత్రం రోజూ తడపాలి. ఆకు లేని మొక్క మీద జాలిపడి పూటకొకసారి నీరు పోసేవారి చేతుల్లో కూడా క్లెమటిస్‌లు చనిపోతాయి. మృగశిర వానలు పడ్డాక కొన్ని చిగుళ్లు రావచ్చు. వాటిని పూల కోసం ప్రోత్సహించకుండా, వాన నేరుగా కుండీలో నిలవని చోట, సెప్టెంబరు దాకా అలా ఉంచాలి.

వేసవిలో చిక్కిపోయే మొక్కకు వారసుడిని ముందే సిద్ధం చేసుకోవడం వీలైన పని. నవంబరులో కింది తీగ ఒకదాన్ని పక్కనే ఉన్న చిన్న కుండీలోకి వంచి, ఒక కణుపును మట్టిలో అదిమి, పైన చిన్న రాయి పెడితే ఫిబ్రవరి నాటికి వేళ్లు పట్టే అవకాశం ఉంది. ముక్కలతో పెంచాలనుకుంటే కోత పెట్టే చోటు మారుతుంది. గులాబీ ముక్కను కణుపు కిందికి కోస్తారు, క్లెమటిస్ ముక్కను రెండు కణుపుల నడుమ కోయాలి; పైన ఒక కణుపు, దాని జత ఆకుల్లో ఒకటి తీసేయగా మిగిలిన రెండవ ఆకు, కింద రెండంగుళాల కాండం ఉంటే చాలు. కొత్త పొట్టి రకాల్లో చాలావాటికి విదేశాల్లో మొక్కల హక్కుల రక్షణ ఉంది కాబట్టి ఈ పిలకలు ఇంటి అవసరానికే తప్ప అమ్మకానికి కాదు. తల్లి మొక్క నుంచి వేరు చేయడానికి కూడా హస్త కార్తె దాకా ఆగడమే మంచిది, ఎందుకంటే ఏప్రిల్‌లో విడదీసిన చిన్న వేర్ల మొక్క మే నెల రాత్రులను దాటలేదు.